మాట అందించినవాళ్లు

శ్రీకాకుళం,
జనవరి 20

అప్పా,

నీ ఉత్తరం అందింది. ఫోను చేస్తే నీకు వినిపించదు, నీ చెవి మిషను ఫోనుకి ఆనించగానే ఈల వేస్తుంది. అందుకే ఈ కాలంలో కూడా మనిద్దరం పోస్టుమేనుకి పని కల్పిస్తున్నాం. మంచిదేలే. కొన్ని సంగతులు అరిచి చెప్పేవి కావు.

ఆయన పోయాక ఆ ఇంట్లో ఒక్కదానివీ ఏం చేస్తావు, విజయనగరం వచ్చెయ్యి అని అక్కవి కనక రాశావు. నిజంగా ఒక్కదాన్నే అయితే ఈపాటికి వచ్చేసేదాన్ని.

భయపడకుండా చదువు. తెల్లవారుజామున, మసీదులో అజాన్ ఇంకా మొదలుకాక ముందు, పెరట్లో కుళాయి తిరుగుతుంది. ముందు చేతుల మీద నీళ్లు పడతాయి. తరవాత పుక్కిలించిన చప్పుడు. చివర పాదాల మీద. నమాజుకి ముందు ఆయన కాళ్లూ చేతులూ కడుక్కునే వరస నాకు తెలియనిదా? కుళాయి కట్టేసినట్టు వినిపిస్తుంది. తడికాళ్లు ముందు గదిలోకి వచ్చి, చాప పరిచేచోట ఆగుతాయి. అక్కడితో సరి. ఆ తరవాత పెదవి కదిలిన అలికిడి కూడా ఉండదు.

లేచి చూస్తే పెరట్లో గచ్చు పొడిగానే ఉంటుంది. జీవితమంతా నర్సుగా చేసినదాన్ని, చూడకుండా చెప్పను.

నన్ను భయపెట్టేది ఆ చప్పుడు కాదు అప్పా, దాని తరవాత వచ్చే నిశ్శబ్దం. ఆయన అక్కడ నిలబడే ఉన్నారు. మొదలుపెట్టడం లేదు.

మనిషిని అలా నిలబెట్టి నేనెలా బస్సెక్కను?

మణి

*

విజయనగరం,
జనవరి 27

ఒసే మణీ,

కుళాయి వాషరు అరిగిపోయింది. ప్లంబరును పిలు.

ఇంతటితో ముగిద్దామనుకున్నాను గాని, స్టాంపు దండగని ఇంకొంచెం రాస్తున్నాను.

చచ్చినవాళ్లు పెరట్లో తిరుగుతారని మన బాప్టిస్టు సంఘంలో ఎవరూ బోధించలేదు. నీ మొగుడి మతంలోనూ లేదనే విన్నాను. రెండు మతాలకూ గొడవలేని సంగతులు చాలా తక్కువ. ఉన్న ఈ ఒక్కదాన్నీ నువ్వు పాడుచెయ్యకు.

హబీబుల్లా మంచివాడు. అతను ఉండగా ఆ ముక్క అతనితో అనలేదు, అంటే నెత్తికెక్కుతాడని. మీ రిజిస్టరు పెళ్లినాడు నాన్న వీధి తలుపు వేసేసుకుంటే, సాక్షి సంతకం పెట్టినదాన్ని నేను. ప్రతి ఆదివారం నిన్ను స్కూటరు మీద తెచ్చి చర్చి దగ్గర దింపి, ఆరాధన అయ్యేదాకా ఎదురుగా టీ బడ్డీలో పేపరు చదువుకునేవాడు. మారమని నిన్ను ఒక్కనాడు అనలేదు. నువ్వూ అతన్ని అనలేదు. అలాంటి పెద్దమనిషి చచ్చాక నిన్ను బెదిరించడానికి వస్తాడా? ఏదో పని మిగిలి ఉండాలి. మిగిలిందని నీకైనా అనిపించి ఉండాలి.

హెడ్మిస్ట్రెస్ కుర్చీలో నేను నేర్చుకున్నది ఒకటుంది. పిల్ల అబద్ధం ఆడేటప్పుడు వివరాలు ఎక్కువ చెబుతుంది. దాచేటప్పుడు ఒక్క వివరం వదిలేస్తుంది. నువ్వు వదిలేశావు. అతను ఎందుకు మొదలుపెట్టడం లేదో నీకు తెలుసు. రాయి.

మనవరాలు ఉష ఎచ్చెర్ల హాస్టలు నుంచి సెలవులకు వచ్చింది. "సిన్నమ్మమ్మ ఎప్పుడొస్తాది?" అని అడిగితే, దయ్యంతో తీరిక లేదటే అన్నాను. నవ్వలేదు. ఎమ్మే చదువుతోంది మరి.

ఝాన్సీ

*

శ్రీకాకుళం,
ఫిబ్రవరి 9

అప్పా,

నువ్వు పట్టుకుంటావని తెలిసే వదిలేశాను.

మతిమరుపు జబ్బు మొదలైన కొత్తలో ఆయన నమాజులో ఎక్కడున్నారో మరిచిపోయేవారు. నేను వెనక స్టూలు మీద కూర్చుని, ఇది రెండోసారి, ఇంక కూర్చోండి అని చెప్పేదాన్ని. తరవాత మాటలే జారిపోసాగాయి. కాపురానికి వచ్చిననాటి నుంచి పక్కగదిలో వింటున్నవే, నాకు నోటికి వచ్చు. ఆయన ఆగినచోట అందించేదాన్ని. దానికి మతమేమిటి? ఆస్పత్రిలో ఆయన కాంపౌండరుగా ఉన్నప్పుడు, డాక్టరు రాత అర్థం కాకపోతే నేను చదివి చెప్పేదాన్ని కాదూ. ఇదీ అలాగే అనుకున్నాను.

మొన్నటి వానాకాలానికి అందించినా పట్టుకోలేకపోయారు. ఆ అరబ్బీ మాటలు వినగానే ఎవరో కసురుతున్నట్టు ముడుచుకుపోయేవారు. ఒకరోజు చాప మీద నిలబడి ఏడుస్తున్నారు. నాకేమీ తోచలేదు. భయపడ్డ రోగులకు వార్డులో చెప్పే కీర్తనే, బైబిల్లో 'యెహోవా నా కాపరి' అన్నదే, చెప్పాను. తెలుగు కదా, ఆయన నా వెంట పలికారు. పలుకుతూనే వంగారు, పలుకుతూనే నుదురు నేలకి ఆనించారు. మతి మరిచినా ఒళ్లు మరవలేదు.

ఆనాటి నుంచి చాప మీద ఆయన నోట ఆ కీర్తనే. పోయేరోజున ఆయన తమ్ముడి కొడుకు ఇస్మాయిల్ చెవి దగ్గర కల్మా, అల్లా ఒక్కడేనన్న సాక్ష్యం, చదువుతూ "అనండి పెదనాన్నా, అనండి" అని బతిమాలుతున్నాడు. ఆయన నాకేసి చూసి కీర్తనలో మాట అన్నారు. గొంతు సరిగ్గా లేదు. "ఏటంతన్నారు పెద్దమ్మా?" అన్నాడు ఇస్మాయిల్. "నీళ్లు అడుగుతన్నారు" అన్నాను.

ఇప్పుడు తెలిసిందా? ఆయన చాప దగ్గరకు వస్తున్నారు. ఏది చదవాలో తెలియక నిలబడుతున్నారు. ఆ మాటలు పోగొట్టింది జబ్బే. వాటి చోట ఇంకొకటి పెట్టింది మాత్రం నేను.

అందుకని క్రిస్మస్ వెళ్లాక నేనే నిలబడడం మొదలుపెట్టాను. కాళ్లూ చేతులూ కడుక్కుని, తల కప్పుకుని, ఆయన నిలబడేచోటికి ఒక అడుగు వెనక. మొదటినుంచి చివరిదాకా పైకి చదువుతాను, అందిస్తున్నట్టు. అప్పుడు ఇల్లు నెమ్మదిస్తుంది. ఆదివారం చర్చికి వెళ్తాను, పాడతాను, ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకుంటాను. ఒకదాంట్లో ఉన్నప్పుడు రెండోది అబద్ధమని నాకు అనిపించడం లేదు.

నువ్వు చదువుకున్నదానివి. రెండూ చెయ్యొచ్చా అప్పా?

మణి

*

విజయనగరం,
ఫిబ్రవరి 16

మణీ,

కూడదు.

అడిగావు కనక కారణం చెబుతాను. నువ్వు తెల్లవారుజామున చదివేదాంట్లో అల్లా తప్ప దేవుడు లేడని, మహమ్మదు ఆయన ప్రవక్త అని సాక్ష్యం ఇస్తున్నావు. ఆదివారం నువ్వు పాడేదాంట్లో యేసు దేవుని కుమారుడని, సిలువ మీద చనిపోయి తిరిగి లేచాడని సాక్ష్యం ఇస్తున్నావు. వాళ్లు యేసును ప్రవక్తగా గౌరవిస్తారు, ఆయన తల్లిని మనకన్నా ఎక్కువే గౌరవిస్తారు. కాని కుమారుడు కాడంటారు, సిలువ మీద చావలేదంటారు. ఇదేమీ చారులో ఇంగువ వెయ్యాలా వద్దా అన్న తేడా కాదు. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు రాసి, నచ్చినదానికి మార్కులు వేసుకోండి అన్న పిల్లకు నేను సున్నా వేసేదాన్ని. ఏడ్చినా వేసేదాన్ని.

ఇంకా ఉంది. చచ్చినవాళ్ల కోసం ప్రార్థన మనకు లేదు. ఒకరి నమాజు ఇంకొకరు చదవడం వాళ్లకు లేదట, కనుక్కున్నాను. అంటే రెండు మతాలూ వద్దన్న పనిని నువ్వు రెండు మతాల పేరు చెప్పి చేస్తున్నావు. ఇంత ప్రతిభ మన వంశంలో ఇంతకుముందు ఎవరికీ లేదు.

కీర్తన చెప్పడం నీ తప్పు కాదు. వణికిపోతున్నవాడికి చేతికందిన దుప్పటి కప్పుతాం, ఎవరిదని చూడం. కాని "నీళ్లు అడుగుతన్నారు" అన్నావు చూడు, నీ పెరట్లో పారుతున్నవి ఆ నీళ్లే. ఇస్మాయిల్‌కి నిజం చెప్పు, చప్పుడు ఆగిపోతుంది.

ఆ తరవాత ఇంటికి తాళం వేసి వచ్చెయ్. నీకు ఇక్కడ గది ఉంది. చాప లేదు.

ఝాన్సీ

*

శ్రీకాకుళం,
మార్చి 18

అప్పా,

నీ ఆఖరి మాట చదివి ఇన్నాళ్లూ కలం పట్టబుద్ధి కాలేదు.

ఇస్మాయిల్‌కి చెప్పాను. "ఆకరికి దేవుణ్ణే తల్సుకున్నారు గదా పెద్దమ్మా. ఎందుకు దాసినావు?" అన్నాడు. నిజం చెబితే ఆగిపోతుందన్నావు. మర్నాడూ కుళాయి తిరిగింది.

ఈ ఏడాది ఈస్టరుకు ముందు వచ్చే మన శ్రమల దినాల ఉపవాసాలూ, వాళ్ల రంజాన్ ఉపవాసాలూ ఒకేసారి వచ్చాయి. పగలు ఏమీ ముట్టడం లేదు. స్త్రీల కూడికలో నన్ను లేపి నిలబెట్టి, మణమ్మగారిని చూసి నేర్చుకోండి అన్నారు. ఆ సాయంత్రమే ఇస్మాయిల్ భార్య ఖర్జూరాలూ గంజీ పట్టుకొచ్చి, "ఈ వయసులో రోజాలు బలే పడతన్నారు పెద్దమ్మా" అంది. ఎవరినీ కాదనలేదు. ఉన్నది ఒక్క కడుపు. ఆ ఆకలి ఎవరి ఖాతాలోకి వెళ్తోందో దానికి మాత్రం ఏం తెలుసు?

ఎన్నాళ్లు దాగుతుంది? చేపలు తెచ్చే గున్నమ్మ పొద్దున్నే బుట్ట దించుతూ కిటికీలోంచి నన్ను చూసింది. తనకు ఊళ్లో ఉన్న అందరు దేవుళ్లూ కావలసినవాళ్లే. చెడ్డగా ఒక్కమాట అనలేదు. "మణమ్మగోరు రెండుపక్కలా దండం ఎడతన్నారు, ఆయమ్మకి ఏటి తక్కువవుతాది!" అని మెచ్చుకుంటూ వీధి వీధంతా చెప్పింది. తిట్టి ఉంటే ఎవరూ నమ్మేవారు కాదు.

మా సంఘపెద్ద ధనరాజుగారు వచ్చారు. కుర్చీ అంచున కూర్చున్నారు. "నాకిట్టం లేదమ్మా ఈ మాటనడం. నమాజు మానేసినానని ఒక్క ముక్క సెప్పండి, సాలు. ఈస్టరు ముందర సెప్పాల. నేదంటే మీకు బల్ల ఇవ్వలేను, సంఘం నన్నడుగుతాది" అన్నారు. ఆయన భార్య పురుటికి దగ్గరుండి చేసినదాన్ని. నా ముఖం చూడలేకపోయారు.

ఇస్మాయిల్ మౌల్వీగారిని తీసుకొచ్చాడు. మెత్తని మనిషి. "మతి తప్పినవాడి మీద నమాజు భారం ఉండదమ్మా. మీ ఆయన ఏమీ పోగొట్టుకోలేదు. ఇంక మీరు ఎవరికోసం చదువుతున్నారు? ఆయన కోసమైతే, ఒకరి మందు ఇంకొకరు మింగితే పని చెయ్యదు. మీకోసమే అయితే కల్మా చదివి రండి, తలుపు తీసే ఉంది" అన్నారు. ఇస్మాయిల్ నా చెయ్యి పట్టుకుని "సదివెయ్యి పెద్దమ్మా, అంతా తిన్నగైపోద్ది" అన్నాడు. రెండు తలుపులూ తీసే ఉన్నాయి అప్పా. ఇందులోకి వచ్చేముందు అది మూసి రమ్మంటున్నారు ఇద్దరూ.

ఇంకొకటి. నీకు కాక ఎవరికి చెప్పను? మొన్న నీళ్ల చప్పుడు రాలేదు. నిన్నా రాలేదు. అయినా లేచాను, నిలబడ్డాను, చదివాను. ఎవరికి అందిస్తున్నానో తెలియలేదు.

మణి

*

విజయనగరం,
ఏప్రిల్ 5

మణీ,

దయ్యం వస్తోందని రాసినన్నాళ్లూ నాకు భయం వెయ్యలేదు. రావడం లేదన్నావు, ఇప్పుడు వేస్తోంది.

ఈస్టరుకు ముందటి మట్టల ఆదివారం ఆరాధన ముగించుకుని సాయంత్రం బస్సుకు వస్తున్నాను. బస్సు కాంప్లెక్సుకి ఎదురు రావద్దు, నాకు ఆటో పిలవడం వచ్చు. నాలుగు రోజులు ఉంటాను. ఆ వేళకు నన్ను తట్టి లేపు. వినలేను గాని, చూడగలను.

ఉపవాసాల పేరుతో ఎండిపోయి ఉంటావు. కొత్తావకాయ తెస్తున్నాను. దానికి ఏ మతంలోనూ అభ్యంతరం ఉండదు.

ఝాన్సీ

*

విజయనగరం,
ఏప్రిల్ 17

మణీ,

చేరాను. బస్సులో పక్కసీటామె "ఒక్కర్తివీ తిరగతన్నావేటమ్మా, పిల్లల్లేరా?" అని జాలిపడింది. నోరు చూసి పోల్చుకున్నాను. ఉన్నారు, అందుకే ఒక్కదాన్నీ తిరుగుతున్నాను అన్నాను.

ఇక అసలు సంగతి. మొదటి రెండు రోజులూ నీకు ఎడమపక్కగా స్టూలు వేసుకుని కూర్చుని చూశాను. మిషను పెట్టుకోలేదు, పెట్టుకుంటే ఫ్యాను గోల తప్ప ఏమీ వినబడదు. నువ్వు వంగావు, లేచావు, నుదురు ఆనించావు. చిన్నప్పుడు సండేస్కూలు పిల్లలందరిలో నీ ఒక్కదాని ముఖమే పాడేటప్పుడు ఎలా ఉండేదో, అలాగే ఉంది. అది చూడడం నాకు ఇష్టం లేకపోయింది. నాతో చర్చిలో కూర్చున్నప్పుడు కూడా అలాగే ఉంటుందని గుర్తొచ్చి, ఇంకా ఇష్టం లేకపోయింది.

మూడోరోజు సగంలో ఆగిపోయావు. చేతులు కట్టుకుని అలాగే నిలబడిపోయావు. పెదవులు ఆగిపోయాయి. ముఖం పాలిపోయింది. జబ్బు మొదట్లో హబీబుల్లా ఎలా నిలబడేవాడని రాశావో, అచ్చం అలాగే. దీనికీ మొదలైందా దేవుడా అనుకున్నాను.

నీకు రాయని సంగతి ఇది. ఫిబ్రవరిలోనే ఉష చేత తెలుగు అక్షరాల్లో ఉన్న నమాజు పుస్తకం తెప్పించుకున్నాను. నిన్ను ఓడించడానికే. పాఠం చదవకుండా పేపరు దిద్దడం నాకు చేతకాదు. రోజూ చదివితే వచ్చేసింది, ఏం చెయ్యను?

అందుకని అందించాను. నువ్వు వంగి లేచిన వరసబట్టి ఎక్కడ ఆగావో తెలిసింది. చెవిటిదాని గొంతు ఎంత లేస్తుందో దానికి తెలియదు. ఎదురింట్లో లైటు వెలిగింది కనక బాగానే లేచి ఉంటుంది. ఆ సాక్ష్యం మాటలతో సహా చివరిదాకా చెప్పాను. నువ్వు కాసేపు కదల్లేదు. తరవాత నా వెంట ముగించావు. ముగించి, వెనక్కి తిరిగి నాకేసి చూసిన చూపు నాకు అర్థం కాలేదు. ఏదో అన్నావు. వినబడలేదు. ఉంటానన్న నాలుగోరోజు ఉండకుండా, బస్సు వేళైందని సంచి సర్దేశాను. బస్సుకి ఇంకా చాలా టైముంది.

నీ ప్రశ్నకు నా జవాబు మారలేదు. కూడదు. కాని ఇప్పుడు అది కాదు ముఖ్యం. నీకు మతి జారుతుంటే ఆ ఇంట్లో నిన్ను ఒక్కదాన్నీ వదలను. ధనరాజుతో మానేశానని చెప్పు. ఈస్టరు బల్ల తీసుకో. మర్నాడు బస్సెక్కు. డాక్టరును ఇక్కడ చూద్దాం.

ఝాన్సీ

*

శ్రీకాకుళం,
ఏప్రిల్ 22

అప్పా,

నేను మరిచిపోలేదు.

ఇది నీ చెవిలో అరవడం నావల్ల కాలేదు. అందుకే ఆవేళ మామూలు గొంతుతో ఒకసారి అని ఊరుకున్నాను.

రెండోసారి లేచి నిలబడ్డాను. నా ముందునుంచి ఆయన గొంతు వచ్చింది. జబ్బు చెయ్యకముందు గొంతు, కొంచెం బొంగురు. మొదలుపెట్టారు అప్పా. నేను అందించకుండానే. నేను పలుకుతుంటే ఆయనది వినబడదని నోరు ఆపేశాను. అంతే జరిగింది.

అప్పుడు నువ్వు మొదలుపెట్టావు.

ఆయన ఆగిపోయారు. నువ్వంటే మొదటినుంచీ ఆయనకు కొంచెం బెదురు. అయిపోయింది, మళ్లీ వెళ్లిపోయారు అనుకున్నాను. నీ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కాసేపటికి నీ గొంతు కింద ఆయన గొంతు మళ్లీ వినిపించింది. నీ వెంట, నువ్వు చెప్పిన మాటే చెబుతూ, క్లాసులో వెనక బెంచీ పిల్లాడిలా. ఒక్కమాట తప్పలేదు. చివర కుడివైపు సలాం చెప్పారు. ఎడమవైపు చెప్పారు. ఎడమవైపు నువ్వు ఉన్నావు.

ఆనాటి నుంచి ఇంట్లో ఏ అలికిడీ లేదు.

ఈస్టరునాడు ధనరాజుగారు రొట్టె పళ్లెం పట్టుకుని వరసలోకి వచ్చారు. నా దగ్గర వంగి, ఎవరికీ వినపడకుండా "మానేసినారామ్మా?" అన్నారు. అవునంటే సరిపోయేది. ఆయన ఇంక రారు, నాకు ఇంక పని లేదు. ఆ ఉదయం కూడా నిలబడి వచ్చాను, అందుకని "లేదండీ" అన్నాను. పళ్లెం పక్కామె దగ్గరకు వెళ్లింది. ఆవిడ నావైపు చూడకుండా తీసుకుంది. సాయంత్రం ఇస్మాయిల్ వచ్చాడు. కల్మా చదివి ప్రభువుని వదులుకోలేను బాబూ అని వాడికీ చెప్పేశాను. "అయితే మరేటి పెద్దమ్మా నువ్వు?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగా తెలియక అడిగాడు. నాకూ తెలియదు.

ఇన్నాళ్లూ ఆయన కోసం అన్నాను. ఇప్పుడు ఆ మాట అనలేను. లేచేది నాకోసమే. ఇప్పుడు ఈ ఇంట్లో నిజంగా ఒక్కదాన్నే ఉన్నాను, చాలా చలిగా ఉంది, ఏప్రిల్ నెలలో.

ఇలాంటి మనిషికి నీ దగ్గర చోటుందా? వెంటనే రాయకు. ఆలోచించి రాయి.

మణి

*

విజయనగరం,
మే 5

మణీ,

ఆలోచించాను. నువ్వు చెప్పావు కనక ఇన్నాళ్లు పట్టింది, లేకపోతే ఆ రోజే రాసేదాన్ని.

హబీబుల్లా నాకు సలాం చెప్పాడన్న సంగతి నేను నమ్మను. నమ్మనిదానికి, ఆ ఉత్తరం చదివిన దగ్గరనుంచి ఆ సలాం వచ్చిన కుడిపక్కకే తిరిగి ఎందుకు పడుకుంటున్నానో నన్నడక్కు.

రెండూ ఒక్కసారే నిజం కావు. ఇప్పటికీ అదే అంటాను, నా సమాధి దగ్గరకు వచ్చి అడిగినా అదే అంటాను. ఇస్మాయిల్ అడిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. నలుగురు పెద్దలు కలిసి నీకు పేరు పెట్టలేకపోయినంత మాత్రాన నువ్వు లేకుండా పోవు కదా.

నిన్న మా సంఘంలో బల్ల. పళ్లెం నా దగ్గరకు వచ్చింది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, వాళ్లకు తెలియదు. కాని ఆ సాక్ష్యం మాటలు వీధికి వినబడేలా పలికిన నోరు ఇది. నీకు సున్నా వేసి, నాకు నేను మార్కులు వేసుకోలేను. పక్కకు అందించేశాను. పాస్టరు మా బడిలో చదువుకున్నవాడే. అయ్యాక పరుగున వచ్చి, "ఏటండీ టీచరుగారూ, ఒంట్లో బాగునేదా?" అన్నాడు. పెదవులు చూసి తెలుసుకున్నాను, తెలియనట్టు తల ఊపాను. చెవుడులో సుఖం ఇదొక్కటే.

వచ్చే నెల ఏమవుతుందో తెలియదు. నువ్వుంటే వెనక బెంచీలో ఇద్దరం కూర్చుంటాం, పళ్లెం వచ్చినప్పుడు ఎటు చూడాలో ఒకరికొకరం చెప్పుకోవచ్చు.

రా. ముందు గదిలో నువ్వు నమాజుకి తిరగాల్సిన పడమటి గోడ ఏదో ఉష ఫోనులో చూసి చెప్పింది. ఆ గోడకే మన సంఘం కేలండరు వేలాడుతోంది, సిలువ బొమ్మతో. తియ్యను. నువ్వు దానికి ఎదురుగానే నిలబడాలి, ఆ ఇబ్బంది నువ్వే పడు. నా స్టూలు మాత్రం వెనక వేయించాను.

ఒకటి ముందే అడుగుతున్నాను. చదువుతూ చదువుతూ ఎప్పుడైనా ఆగితే, మరిచిపోయి ఆగావో, వినడానికి ఆగావో, నాకు తెలిసేలా చెయ్యి కదుపు. వినడానికైతే నేను నోరు మూసుకుని కూర్చుంటాను.

ఝాన్సీ